ఐరావతం మూత

నాగులవరం దొరగారి కారుని ఊళ్ళో జనం ఐరావతం అనేవారు. తెల్లటి ఒళ్ళు, ఇంత పొడుగు ముక్కు, వెనకాల సోఫా లాంటి తోలు సీట్లు. సీమ నుంచి ఓడ మీద వచ్చింది. ఆ రోజుల్లో గోదావరి జిల్లా మొత్తం వెతికినా అలాంటివి రెండో మూడో ఉండేవి.

అంతటి ఐరావతాన్ని ఒక మంగళవారం సంత మధ్యలోంచి రెండెడ్లు కట్టి లాక్కొచ్చారు. దొరగారు లోపలే ఉన్నారు. వంకాయలమ్ముకునే ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఎడ్లు తోలేవాడు మాత్రం నవ్వలేదు. ఏనుగుని తోలుకొస్తున్నంత దర్జాగా నడిచాడు.

ఆ సాయంత్రం దొరగారు మెకానిక్ గవర్రాజుని పిలిపించారు.

"పౌర్ణమి దాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే మద్రాసు నుంచి మనిషి వస్తాడు. ఆ తరవాత నీతో నాకేం పని ఉంటుందో నువ్వే చెప్పు."

గవర్రాజు చేతులు కట్టుకుని "చిత్తం" అన్నాడు. ఇంకేమంటాడు?

అతనికి ముప్ఫై అయిదేళ్ళు. రాజమండ్రిలో దస్తగిరి సాయిబు దగ్గర తొమ్మిదేళ్ళు పని నేర్చుకున్నాడు. మూడేళ్ళ కిందట దొరగారు మంచి మెకానిక్ కావాలని కబురు పెడితే, సాయిబే ఇతన్ని పంపించాడు. వెళ్ళేటప్పుడు కాళ్ళకి దండం పెట్టి, నెలకోసారి వచ్చి కనబడతానని చెప్పి మరీ వెళ్ళాడు. ఒక్కసారీ రాలేదు. తగువేమీ లేదు. పెద్ద కారు చేతికొచ్చాక గురువుగారి నూనె మరకల కొట్టు చిన్నదిగా కనబడింది, అంతే. మనిషికి కళ్ళు నెత్తికెక్కడానికి పెద్ద కారణాలేం అక్కర్లేదు.

మర్నాడు తెల్లవారుతూనే ఐరావతాన్ని తీసుకుని రాజమండ్రి బయల్దేరాడు. పద్దెనిమిది మైళ్ళ దారిలో నాలుగుసార్లు ఆగింది. నాలుగుసార్లూ దిగాడు, బానెట్ ఎత్తాడు, ఏదో ఒకటి విప్పాడు, ఊదాడు, బిగించాడు. నాలుగుసార్లూ కారు లేచింది. కానీ ఎందుకు ఆగిందో, ఎందుకు లేచిందో ఆ దేవుడికే ఎరుక.

దస్తగిరి సాయిబు కొట్టు ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఎవరిదో కారు. దాని రేడియేటర్ సందుల్లోంచి చీపురుపుల్లతో గడ్డిపరకలు ఒక్కొక్కటే లాగుతున్నాడు. గడ్డం పూర్తిగా నెరిసింది. చేతులు మాత్రం వెనకటిలాగే ఉన్నాయి, వేళ్ళ కొసలు నల్లగా, నిదానంగా.

తల ఎత్తకుండానే అన్నాడు. "వచ్చావా రాజూ. అన్నం తిన్నావా?"

గవర్రాజు దారి పొడుగునా సాకులు కూర్చుకుంటూ వచ్చాడు. మూడేళ్ళు ఎందుకు రాలేదో చెప్పడానికి మంచి మంచివి నాలుగు పోగేసుకున్నాడు. ఈ ప్రశ్నకి మాత్రం జవాబు తయారు చేసుకోలేదు.

"ఇంకా లేదండి" అన్నాడు.

"లోపల రొట్టె ఉంది, పప్పు ఉంది. తిని రా. ఈలోగా ఈ కారు జ్వరం దింపేస్తాను. ఇంజను విప్పాలా అని అడుగుతున్నాడు దీని యజమాని. ముక్కులో గడ్డి పెట్టుకుని ఊళ్ళన్నీ తిరిగితే జ్వరం రాక ఇంకేమొస్తుంది?"

గవర్రాజు తిన్నాడు. చేయి కడుక్కుని వచ్చి నేల మీదే కూర్చున్నాడు. దొరగారి బంగళాలో అతనికి కుర్చీ ఉంది, కానీ ఇక్కడ కుర్చీ వెతుక్కోవాలనిపించలేదు.

"ఇక చెప్పు. ఎప్పట్నుంచి?"

"ఉగాది వెళ్ళిన దగ్గర్నుంచండి ఉస్తాద్. అయిదారు మైళ్ళు శుభ్రంగా పోద్ది. తరవాత దగ్గుద్ది, కాస్త గింజుకుని ఆగిపోద్ది."

"ఏం చేశావు?"

"ఒకసారి కార్బరేటర్ విప్పి జెట్ ఊదేనండి, లేచింది. ఇంకోసారి ప్లగ్గులు తోమేను, లేచింది. మాగ్నెటో తీసి ఎండబెట్టేను, దానికీ లేచింది. గొట్టాలన్నీ మార్చేసేనండి. నా చెయ్యి పడితే లేవడం మాత్రం లేస్తంది, ఆయ్. మళ్ళీ అయిదారు మైళ్ళకి మామూలే."

ఆ 'నా చెయ్యి పడితే' అన్న మాట దగ్గర సాయిబు మీసాల్లో చిన్న నవ్వు కదిలింది.

"నాలుగు మందులకీ తగ్గిందంటే, ఒక్క మందుకీ తగ్గలేదన్నమాటరా."

గవర్రాజు చిన్నబుచ్చుకున్నాడు. గురువు ముందు మరీ చేతకానివాడిలా కనబడటం ఇష్టం లేక, అసలు చెప్పకూడదనుకున్నది కూడా చెప్పేశాడు.

"నేనూ ఆలోచించేనండి. ఊరికే విప్పి బిగించడం కాదు. లెక్కపెట్టి చూసేను. ట్యాంకు సగం ఉంటే పది మైళ్ళు పోతంది. నిండా పోసిన రోజు నాలుగు మైళ్ళకే ఆగిపోతంది. అంటే ఏటండీ? కొత్తగా పోసిన పెట్రోలులోనే ఉంది దోషం. పోసేవాడే సరిగా పొయ్యట్లేదు."

"పోసేవాడెవరు?"

"నూకయ్య అనీ, డ్రైవరండి. పూర్వం దొరగారి గుర్రబ్బండి తోలేవాడు. ముసలాడు. దగ్గరివి కళ్ళకి సరిగా ఆనవు. వడగట్టకుండా పోసేస్తున్నాడని, పెట్రోలు తీసి నీళ్ళు కలుపుతున్నాడేమోనని దొరగారితో చెప్పేను."

"దొరగారు ఏమన్నారు?"

"మానిపించేసేరండి."

సాయిబు చీపురుపుల్ల పక్కన పెట్టాడు. "ఎన్నాళ్ళయింది?"

"ఇరవై రోజులండి."

"ఇప్పుడు పెట్రోలు ఎవరు పోస్తున్నారు?"

"నేనేనండి. నాలుగు మడతల గుడ్డ వేసి, వడగట్టి మరీ పోస్తున్నాను."

"మరి ఇవాళ నాలుగుసార్లు ఎందుకు ఆగింది?"

గవర్రాజు నేలకేసి చూశాడు. ఈ ప్రశ్న అతనికి కొత్తది కాదు. ఇరవై రోజులుగా రాత్రి పడుకోగానే వచ్చి పక్కన కూర్చుంటూనే ఉంది. దాన్ని అటు తోసి ఇటు తిరిగి పడుకోవడం అలవాటు చేసుకున్నాడు.

సాయిబు రెట్టించలేదు. మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచాడు. "పద. ట్యాంకు నిండా పోయించు. బయటికి పోదాం."

సాయిబు పద్ధతి అది. ఎంతటి కారు వచ్చినా, ఎంతటివాడు తెచ్చినా, ముందు ఎక్కి తిరిగొచ్చాకే బానెట్ తెరిచేవాడు. ఒకసారి ఒక వకీలు తొందరపెడితే, "కక్షిదారు చెప్పేది వినకుండా వాదిస్తారా మీరు?" అని అడిగాడట. వకీలు నోరు మూసుకుని పక్క సీట్లో కూర్చున్నాడట.

కోరుకొండ రోడ్డు మీద పడ్డారు. రెండు పక్కలా తాటిచెట్లు, వాటి వెనక వరిచేలు. సాయిబు చెప్పులు విడిచి, పాదాలు రెండూ కారు నేలకి ఆన్చి కూర్చున్నాడు. చెవులతో వినేది సగమేనని, మిగతా సగం అరికాళ్ళతో వినాలని వెనకటి రోజుల్లో శిష్యులకి చెప్పేవాడు. ఇంజను మెత్తగా, సంతృప్తిగా తిరుగుతోంది.

"మంచి బండిరా" అన్నాడు సాయిబు. "దీని గుండెలో ఏ జబ్బూ లేదు."

నాలుగు మైళ్ళు దాటగానే ఐరావతం దగ్గింది. ఇంకోసారి దగ్గింది. రోడ్డు పక్కకి వచ్చి ఆగిపోయింది.

"నువ్వు రోజూ ఏం చేస్తావో అంతా చెయ్యి. నేను చూస్తాను."

గవర్రాజు దిగాడు. ముందు వెనక్కి వెళ్ళి, ట్యాంకు మూత తిప్పి తీసి, కొలతకర్ర ముంచి చూశాడు. నిండుగానే ఉంది. మూత బిగించాడు. తరవాత ముందుకి వచ్చి బానెట్ ఎత్తాడు. పెట్రోలు చిమ్మే జెట్ తీసి ఊదాడు. ప్లగ్గులు తుడిచాడు. ఆ కారు ఇంజను తన ఊపిరితోనే వెనక ట్యాంకులోంచి పెట్రోలు పీల్చుకుంటుంది. పీల్చుకున్నది ముందున్న ఒక చిన్న డబ్బాలో పడి, అక్కడ్నుంచి కార్బరేటర్‌కి వెళ్తుంది. ఆ డబ్బా ఎండిపోయింది కనక అందులో చారెడు పెట్రోలు పోశాడు. హాండిల్ వేసి తిప్పాడు. ఒక్క తిప్పుకి ఇంజను లేచింది.

గవర్రాజు చేతులు తుడుచుకుంటూ గురువు వైపు చూశాడు. తన పనితనం చూశారా అన్నట్టుంది ఆ చూపు.

"బాగా చేశావు" అన్నాడు సాయిబు.

మరో నాలుగు మైళ్ళకి మళ్ళీ ఆగింది.

"ఈసారి మొదటి పని మానెయ్. మిగతావన్నీ చెయ్."

"మొదటి పని ఏటండీ?"

"పెట్రోలు ఉందో లేదో చూడటం. ఉందని మనకి తెలుసు కదా."

గవర్రాజు నవ్వి సరేనన్నాడు. జెట్ ఊదాడు, ప్లగ్గులు తుడిచాడు, చిన్న డబ్బాలో చారెడు పోశాడు, హాండిల్ వేశాడు. లేచింది. సీట్లో కూర్చుని గేరు వేశాడు. నాలుగు బారలు నడిచి చచ్చింది.

మళ్ళీ దిగాడు. ఈసారి నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో విప్పాడు. ముళ్ళు తోమాడు, బిగించాడు. చారెడు పోశాడు. నాలుగు బారలు నడిచింది, ఆగింది. గొట్టాలు విప్పి ఊదాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. నుదుటి మీది చెమట కళ్ళలోకి దిగుతోంది. చేతి పని తెలిసిన మనిషికి చేతులు మాట వినకపోతే కలిగే భయం ఒకటుంటుంది. అది అతని మొహంలో కనబడుతోంది. సాయిబు తాటిచెట్టు నీడలో కూర్చుని తమలపాకుకి సున్నం రాసుకుంటున్నాడు.

అటుగా పోతున్న ఎడ్లబండివాడు ఆగాడు. "ఎడ్లు కట్టమంటారా బాబూ?"

"నీ పని నువ్వు చూసుకో!" అని అరిచాడు గవర్రాజు.

"చూసుకుంటన్నానండి, మీదే అవ్వట్లేదు" అని బండివాడు ఎడ్లని అదిలించుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇంకో పావుగంట అయ్యాక గవర్రాజు పానా కింద పడేసి, కారు మెట్టు మీద చతికిలబడ్డాడు.

"నా వల్ల కాలేదు ఉస్తాద్."

ఆ మాట అతని నోటి నుంచి వచ్చి మూడేళ్ళయింది. సాయిబు లేచాడు. నెమ్మదిగా కారు వెనక్కి నడిచాడు. ట్యాంకు మూత రెండు మరలు తిప్పాడు.

సుయ్‌మంది.

ట్యాంకు గట్టిగా గాలి పీల్చుకున్న చప్పుడది. చాలాసేపు నీళ్ళలో మునిగి పైకి తేలిన మనిషి పీల్చినట్టు ఉంది. సాయిబు మూత మళ్ళీ బిగించాడు. వచ్చి సీట్లో కూర్చున్నాడు.

"ఇప్పుడు లేపు."

గవర్రాజు చారెడు పోసి తిప్పాడు. లేచింది. నడిపాడు. నాలుగు బారలు, నలభై బారలు, ఫర్లాంగు. ఆగలేదు. అతనే ఆపేశాడు. దిగి వెనక్కి పరుగెత్తి మూత ఊడదీసి చేతిలోకి తీసుకున్నాడు.

ఏ కారు ట్యాంకు మూతకైనా సూదిమొనంత బెజ్జం ఒకటి ఉంటుంది. పెట్రోలు బయటికి పోయిన కొద్దీ ఆ ఖాళీలోకి గాలి పోవాలి కదా. కిరసనాయిలు డబ్బాకి రెండో చిల్లు ఎందుకు పెడతారో అందుకే ఇదీను. సాయిబు దగ్గర చేరిన మొదటి నెలలోనే గవర్రాజు నేర్చుకున్న సంగతి. నిండు ట్యాంకులో గాలికున్న చోటే కొంచెం. అది తొందరగా పలచబడి పెట్రోలుని వెనక్కి పట్టేస్తుంది. నాలుగు మైళ్ళు. సగం ట్యాంకయితే పది మైళ్ళు. ఇక పెట్రోలు చూద్దామని మూత తీసిన ప్రతిసారీ, అతను పట్టించుకోని ఆ సుయ్‌మన్న చప్పుడుతో లోపలికి గాలి పోయింది, బండి లేచింది. జెట్టు కాదు, ప్లగ్గులు కాదు. తన చెయ్యి కూడా కాదు.

మూత అద్దంలా మెరుస్తోంది. అందులో అతని మొహం, వెనక తాటిచెట్లు, ఆకాశం కనబడుతున్నాయి. గోటితో వెతికితే బెజ్జం దొరికింది. దాని నిండా తెల్లగా ఏదో ఉంది. ఎండిపోయి సున్నంలా గట్టిపడింది.

పాలిష్ ముద్ద.

"ఎవరు తోముతారు దీన్ని?" అని అడిగాడు సాయిబు.

గవర్రాజు మూతలో తన మొహం చూసుకున్నాడు. ఉగాదికి కలెక్టరుగారు బంగళాకి వచ్చారు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఇంత బాగా ఎవరు చూసుకుంటున్నారని అడిగారు. దొరగారు చెయ్యి చాపి ఇతన్ని చూపించారు. ఆ మర్నాటి నుంచి రోజూ గంటసేపు అదనంగా తోమాడు. దీపాలు, తలుపు పిడులు, ట్యాంకు మూత. ఒకసారి నూకయ్య గుడ్డ పట్టుకోబోతే చేతిలోంచి లాక్కున్నాడు కూడా.

"నేనేనండి" అన్నాడు. "ఇంకెవర్నీ చెయ్యి వెయ్యనివ్వను."

సాయిబు రోడ్డు పక్క తుమ్మకొమ్మ నుంచి ఒక ముల్లు విరిచి అందించాడు. గవర్రాజు బెజ్జంలో ముద్దంతా గీకి తీశాడు. పెట్రోలుతో కడిగి, నోట పెట్టి ఊదాడు. గాలి అవతలికి పోయింది. మూడు నెలల రోగం. ముల్లు మొన మీద ఆవగింజంత తెల్లటి పొడి.

ముందు అతనికి నవ్వొచ్చింది. పెద్దగా నవ్వాడు. అంతలో నూకయ్య గుర్తొచ్చాడు, నవ్వు సగంలో ఆగిపోయింది. బంగళా గేటు దగ్గర తాళాల గుత్తి ఇచ్చేసి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా నడిచి వెళ్ళిన నూకయ్య. అతన్ని బాబాయ్ అని పిలిచేవాడు తను.

కాసేపు మూతని అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు.

"ఉస్తాద్, దొరగారితో దారిలో చెత్త అడ్డం పడిందని చెప్తానండి. అందులో అబద్ధం లేదు కదా. అడ్డం పడింది నిజమే. పది రోజులు పోయాక నూకయ్య బాబాయ్‌ని మళ్ళీ పెట్టుకోమని నేనే సిఫార్సు చేస్తాను. ఆయనకీ పని దొరుకుద్ది, నా పేరూ నిలబడుద్ది. ఎవరికీ నష్టం లేదు."

సాయిబు చెయ్యి చాపి మూత తీసుకున్నాడు. చేను గట్టు దాకా నడిచి, వంగి, వేలి కొసతో చిటికెడు తడి బంకమన్ను తీశాడు. బెజ్జంలో పెట్టి బొటనవేలితో గట్టిగా అదిమాడు. తరవాత భుజం మీది తువ్వాలు తీసి, మూత పైభాగం జాగ్రత్తగా, ఓపిగ్గా తుడిచాడు. మన్ను మరక ఒక్కటి కూడా లేకుండా మెరిసేదాకా తుడిచాడు. ట్యాంకుకి బిగించి వచ్చి కూర్చున్నాడు.

"పద. నాగులవరం పోదాం. బండి దొరగారి చేతికి నేనే అప్పజెప్పాలి."

"అదేటండీ, మళ్ళీ మూసేసేరేటి!"

"పైకి బాగానే మెరుస్తోందిగా" అన్నాడు సాయిబు. తమలపాకు నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

గవర్రాజు బండి నడిపాడు. ఇంజను మెత్తగానే తిరుగుతోంది. చల్లగాలి వేస్తోంది. ఎదురొచ్చే జనం పక్కకి తప్పుకుని దండాలు పెడుతున్నారు. కానీ ఆగుతుందని తెలిసిన బండిని నడపడం ఎంత నరకమో అతనికి ఆ రోజు తెలిసింది. మైలురాయి దాటినప్పుడల్లా ఇంజను చప్పుడుకి చెవి ఒగ్గాడు. ఇదే దగ్గేమో, ఇక్కడే ఆగుతుందేమో, ఎవరైనా చూస్తారేమో. పది రోజులు కాదు, బతికినంత కాలం ఇలాగే నడపాలా అనిపించింది.

నాగులవరం అయిదు మైళ్ళుందనగా దగ్గింది. ఆగింది.

గవర్రాజు చక్రం మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. సాయిబు కళ్ళు తెరవలేదు. దూరంగా ఎవరో చేలో నీళ్ళు పెడుతున్న చప్పుడు వినబడుతోంది.

కాసేపటికి తలుపు తెరుచుకున్న చప్పుడు. వెనక్కి నడిచిన చప్పుడు. సుయ్‌మని ట్యాంకు ఊపిరి పీల్చుకున్న చప్పుడు. గవర్రాజు మన్నంతా తీసి, మూత కడిగి, ఊది, ఎండకి ఎత్తి బెజ్జంలోంచి వెలుతురు కనబడేదాకా చూసుకున్నాడు. బిగించి, చారెడు పోసి బండి లేపాడు. వచ్చి కూర్చున్నాడు.

"ఉస్తాద్, కాస్త దారి మళ్ళిస్తాను. నూకయ్య బాబాయ్ వాళ్ళ ఊరు ఇక్కడికి రెండు మైళ్ళు."

"నాకేం తొందర్లేదు" అన్నాడు సాయిబు.

నూకయ్య ఇంటి ముందు నులకమంచం అల్లుతున్నాడు. కారు వీధి మొగ తిరగకముందే లేచి నిలబడ్డాడు. ఆ ఇంజను చప్పుడు అతనికి తెలియకపోవడం ఉండదు. లోపల్నుంచి అతని భార్య అచ్చమ్మ వచ్చి గడపలో నిలబడింది. ఎవరు దిగుతున్నారో చూసి మొహం గంటు పెట్టుకుంది.

"ఏం, ఇంకేటి మిగిలిందని వచ్చేవు?" అంది. "ఈ మంచం నులక కూడా మా ఆయన దొంగిలించేడని చెప్తావా?"

గవర్రాజు తల వంచుకుని నూకయ్య ముందు నిలబడ్డాడు. దిగుతూనే ట్యాంకు మూత ఊడదీసి తెచ్చాడు. మాటలు ఎక్కడ మొదలెట్టాలో తెలియక, ముందు మూత చూపించాడు.

"దీనికి బెజ్జం మూసుకుపోయింది బాబాయ్. పాలిష్‌తో. తోమింది నేను. నువ్వు పోసిన పెట్రోలులో ఏ దోషం లేదు. నువ్వు వెళ్ళేక నేను పోసినా ఆగింది. తప్పు నీది కాదని నాకు అప్పుడే తెలిసిపోయింది. తెలిసి కూడా నోరు మెదపలేదు."

నూకయ్య మూత తీసుకుని, కంటికి దూరంగా పెట్టుకుని చూశాడు.

"నలభై ఏళ్ళు ఆ ఇంటి ఉప్పు తిన్నాను" అన్నాడు నెమ్మదిగా. "గుర్రాలకి పెట్టే దాణాలో గుప్పెడు గింజలు తియ్యలేదు. నీళ్ళు కలిపేనన్నావు."

"అన్నాను బాబాయ్."

"కలిపేనో లేదో ఒక్కసారి నన్ను అడిగేవా?"

గవర్రాజు కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. అచ్చమ్మ ఇంకా ఏదో అనబోయి, అతని మొహం చూసి ఊరుకుంది.

నూకయ్య మంచాన్ని దాటి కారు దగ్గరికి వెళ్ళాడు. బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. ఇరవై రోజులయింది తాకి. వేడిగా ఉంది. గుర్రం మెడ నిమిరినట్టు రెండుసార్లు నిమిరాడు. వెనక్కి వెళ్ళి మూత తనే ట్యాంకుకి బిగించాడు.

"అయ్యో పిచ్చి తల్లీ" అన్నాడు దానితో. "ఊపిరాడక ఆగిపోయేదానివా? మాకు తెలియలేదే."

ఆ మాటలో 'మాకు' అన్నాడు. గవర్రాజు అది విన్నాడు.

"ఇప్పుడు దొరగారి దగ్గరికి వెళ్తున్నాను బాబాయ్. ఇదే మాట అక్కడా చెప్తాను. నువ్వు పక్కన ఉండాలి."

నూకయ్య కాసేపు అతన్ని తేరిపార చూశాడు. భార్యని చొక్కా తెమ్మన్నాడు. తెచ్చింది. తొడుక్కున్నాడు. గవర్రాజు ముందు తలుపు తెరిచి చక్రం వైపు చూపించి, తను సాయిబుతో పాటు వెనక సీట్లో కూర్చున్నాడు.

ఏడు మైళ్ళూ ఐరావతం ఒక్కసారి కూడా దగ్గలేదు.

బంగళా వరండాలో దొరగారు పడక్కుర్చీలో ఉన్నారు. పొద్దు వాలుతోంది. మెట్ల కింద ముగ్గురూ నిలబడ్డారు. గవర్రాజు ఒక అడుగు ముందుకి వేసి, నూకయ్యకి చెప్పిందంతా మళ్ళీ చెప్పాడు. చెత్త అడ్డం పడిందనలేదు. పాలిష్ అన్నాడు, నేను అన్నాడు, తెలిసి కూడా అన్నాడు.

దొరగారు మొత్తం విన్నారు. మొహం ఎర్రబడింది, తగ్గింది. నూకయ్య వైపు చూసి, ఆ చూపు నిలపలేక పక్కకి తిప్పుకున్నారు. అడక్కుండా పంపించేసింది ఆయన కూడా కదా.

"తాళాలు మేకుకే ఉన్నాయి నూకయ్యా" అన్నారు. "తీసుకో."

తరవాత సాయిబు వైపు తిరిగారు.

"మరి ఈ మనిషిని నేనేం చెయ్యాలి సాయిబుగారూ? పని వచ్చినవాడని మీరు పంపిస్తేనే కదా పెట్టుకున్నాను."

సాయిబు గవర్రాజు భుజం మీద చెయ్యి వేశాడు. ఆ నల్లటి వేళ్ళ బరువు అతను తొమ్మిదేళ్ళు ఎరిగినదే.

"అవును దొరా, వచ్చిందని చెప్పే పంపించాను" అన్నాడు. "అప్పుడు తొందరపడ్డాను. ఇవాళే వచ్చింది."